ఒలీవియా డి హావిలండ్: మెలనీ మెత్తదనం, ఒక కోర్టు తీర్పు, రెండు మెట్ల వరుసలు

తెల్లకలువ:

సభ్యులందరికీ నమస్కారం. పాత హాలీవుడ్ నటీమణుల మీద ఈ వేదికలో జరిగిన చర్చలన్నీ ఓపికగా చదివాను. ఒలీవియా డి హావిలండ్ పేరు వచ్చిన ప్రతిచోటా ఎవరో ఒకరు "గాన్ విత్ ది విండ్‌లో మెలనీగా వేసిన సాధుస్వభావి" అని ఒక్క వాక్యం రాసి, వెంటనే ఆ సినిమా కథానాయిక వివియన్ లీ సంగతిలోకి వెళ్ళిపోతున్నారు. ఆ ఒక్క వాక్యంతో ఆమెకు అన్యాయం జరుగుతోందని నా బాధ. అందుకే ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

ఆమె 1916 జులై 1న టోక్యోలో ఇంగ్లీషు తల్లిదండ్రులకు పుట్టారు. తండ్రి అక్కడ పేటెంట్ల వకీలు. తల్లి లిలియన్ లండన్‌లో నాటకకళ చదువుకున్న మనిషి. 1919లో తల్లి ఇద్దరు ఆడపిల్లలను వెంటబెట్టుకుని కాలిఫోర్నియాలో దిగి, కొంతకాలానికి సారటోగా అనే చిన్న ఊళ్ళో స్థిరపడింది. ఒలీవియా టీచరు కావాలనుకున్నారు, కాలేజీ సీటు కూడా దొరికింది. ఈలోగా ఊళ్ళో ఔత్సాహికులు వేసిన షేక్‌స్పియర్ నాటకం 'ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్'లో ఆమె పాత్ర వేయడం, దాన్ని పేరున్న నాటక దర్శకుడు మాక్స్ రైన్‌హార్ట్ బృందానికి చెందిన వ్యక్తి చూడడం జరిగాయి. రైన్‌హార్ట్ అదే నాటకాన్ని 1934లో హాలీవుడ్ బౌల్ ఆరుబయలు రంగస్థలం మీద భారీగా ప్రదర్శించబోతున్నారు. అందులో హెర్మియా పాత్రధారిణి రాలేకపోతే వేయడానికి ఒక నటిని, ఆ నటి కూడా రాలేకపోతే వేయడానికి ఈ పద్దెనిమిదేళ్ళ పిల్లను సిద్ధంగా ఉంచుకున్నారు. తీరా సమయానికి ముందున్న ఇద్దరూ తప్పుకున్నారు, ఈమె రంగం మీదికి వచ్చారు. వార్నర్ బ్రదర్స్ స్టూడియో ఆ నాటకాన్ని సినిమాగా తీసినప్పుడు పాత్రతో పాటు ఈమెతో ఒప్పందం కూడా రాయించుకుంది.

ఆ ఒప్పందం దగ్గరే నా ప్రశ్న ఉంది. మనం "మెత్తని మెలనీ" అని పిలుచుకునే ఈ మనిషి, 27 ఏళ్ళ వయసులో, తనను తారను చేసిన స్టూడియో మీదే దావా వేసి గెలిచారు. "మెత్తనివారిని చూస్తే మొత్తబుద్ధి" అని మన పెద్దలు ఊరికే అనలేదు. ఈమె విషయంలో మొత్తడానికి చెయ్యెత్తినవారికే దెబ్బ తగిలింది. ఆ దావా వివరాలు, ఆమె సినిమాలు, తెలిసినవారు దయచేసి రాయండి.

పాతరీలు:

తెల్లకలువ గారూ, మంచి చర్చ ఎత్తారు. నాకు ఒలీవియా పరిచయమైంది 1990ల చివర్లో, కార్టూన్ నెట్‌వర్క్ రాత్రి తొమ్మిదింటికి ముగిసిపోయి, అదే ఛానల్లో టి.ఎన్.టి. వాళ్ళ పాత ఇంగ్లీషు సినిమాలు మొదలయ్యే రోజుల్లో. బొమ్మల కోసం కూర్చున్న నేను టీవీ కట్టేయకుండా ఉండిపోయి 'ది అడ్వెంచర్స్ ఆఫ్ రాబిన్ హుడ్' చూశాను. 1938 నాటి ఆ సినిమాలో రాబిన్ హుడ్ ప్రేయసి మేడ్ మేరియన్‌గా ఆమె తలకు సన్నని బట్ట చుట్టుకుని, కథానాయకుడు ఎర్రాల్ ఫ్లిన్ వంక అనుమానంగా చూసే చూపు ఇప్పటికీ గుర్తుంది. ఇంగ్లీషు నాకు సగం కూడా అర్థం కాలేదు. ఆ అనుమానం కాస్త కాస్తగా ఇష్టంగా మారడం మాత్రం మాటల అవసరం లేకుండానే తెలిసింది.

ఫ్లిన్‌తో ఆమె ఎనిమిది చిత్రాల్లో కలిసి నటించారు. 1935లో వచ్చిన 'కెప్టెన్ బ్లడ్' మొదటిది. అప్పటికి ఇద్దరూ కొత్తవారే, సినిమా ఘనవిజయం సాధించింది, స్టూడియో ఆ జంటను వదల్లేదు. 1941 నాటి 'దే డైడ్ విత్ దెయిర్ బూట్స్ ఆన్'లో భర్త యుద్ధానికి వెళ్ళేముందు వీడ్కోలు చెప్పే ఘట్టం వారి కలయికలో ఉత్తమమైనదని నా అభిప్రాయం. తిరిగి రాడని ఇద్దరికీ తెలుసు, ఒకరికొకరు తెలియనట్టు మాట్లాడుకుంటారు. అతను వెళ్ళిపోయాక ఆమె గోడకు చేరగిలబడి కూలిపోతారు.

అయితే ఈ చిత్రాలన్నింటిలో ఆమె చేయవలసిందల్లా అందంగా ఉండడం, కథానాయకుడి కోసం ఎదురుచూడడం, ఆపదలో పడడం. ఆమె అసంతృప్తికి మూలం ఇక్కడే ఉందని నేననుకుంటాను.

న్యాయపీఠిక:

నేను వృత్తిరీత్యా న్యాయవాదిని. దావా విషయం అడిగారు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను, నిడివికి మన్నించండి.

ముందుగా ఒక చిన్న సవరణ. దీన్ని "డి హావిలండ్ చట్టం" అని లోకమంతా పిలుస్తున్నా, ఆమె కొత్త చట్టమేదీ చేయించలేదు. వ్యక్తిగత సేవలకు సంబంధించిన ఒప్పందాన్ని ఏడేళ్ళకు మించి ఉద్యోగి మీద బలవంతంగా అమలు చేయరాదన్న నియమం కాలిఫోర్నియా శాసనాల్లో అప్పటికే ఉంది. అదే ఇప్పటి లేబర్ కోడ్ సెక్షన్ 2855. ఆ ఏడేళ్ళను ఎలా లెక్కపెట్టాలన్నదే అసలు వివాదం.

స్టూడియో ఒప్పందం పనిచేసే తీరు ఇది. నటికి ఏడేళ్ళ కాలం రాస్తారు. ఏటేటా కొనసాగించాలా వద్దా అని తేల్చే హక్కు స్టూడియోది, వదిలి వెళ్ళే హక్కు నటికి లేదు. స్టూడియో చెప్పిన పాత్ర వేయాలి. ఇతర సంస్థలకు అరువు ఇస్తే వెళ్ళి వేయాలి. అరువుకు తీసుకున్న సంస్థ ఎంత ఎక్కువ చెల్లించినా మిగులు స్టూడియోదే, నటికి దక్కేది తన మామూలు జీతమే. పాత్ర నచ్చలేదని నిరాకరిస్తే సస్పెన్షన్. ఆ పాత్రను మరొకరు పూర్తిచేసేదాకా జీతం ఉండదు, మరో చోట పనిచేయడానికి వీలుండదు, పైగా ఆ కాలాన్ని ఒప్పందం చివర కలుపుతారు. అంటే పది వారాల పాత్ర కాదన్న నటి పది వారాల జీతం పోగొట్టుకోవడమే కాక, మరో పది వారాలు అదనంగా ఆ స్టూడియోకు బాకీ పడుతుంది. ఈ లెక్కన స్వాభిమానం ఉన్న నటికి విడుదల తేదీ ఏనాటికీ దగ్గరకు రాదు.

ఒలీవియా ఒప్పందానికి 1943 మే నాటికి ఏడేళ్ళు నిండాయి. సస్పెన్షన్ల కింద ఇంకా దాదాపు ఆరు నెలలు మిగిలి ఉన్నాయని వార్నర్ సంస్థ చెప్పింది. మార్టిన్ గాంగ్ అనే న్యాయవాది ఆమెకు ఈ ఏడేళ్ళ నియమాన్ని చూపించారు. ఆ ఏడాది ఆగస్టులో దావా దాఖలైంది. చట్టంలోని ఏడేళ్ళంటే నిజంగా పనిచేసిన ఏడేళ్ళని, పనిచేయని కాలం అందులోకి రాదని స్టూడియో వాదన. ఏడేళ్ళంటే క్యాలెండర్ మీది ఏడేళ్ళేనని ఆమె వాదన. కింది కోర్టు ఆమె పక్షాన తీర్పు ఇచ్చింది. 1944 డిసెంబరు 8న అప్పీలు కోర్టు దాన్ని ఖాయం చేసింది, 1945లో రాష్ట్ర సుప్రీంకోర్టు విచారణకు స్వీకరించలేదు.

నా దృష్టిలో ఆ తీర్పులో ముఖ్యమైన భాగం మరొకటి ఉంది. సస్పెన్షన్ కాలాన్ని కలపడానికి ఆమె సంతకం చేసి ఒప్పుకున్నారు కదా అని స్టూడియో అడిగింది. ఈ చట్టం ప్రజా ప్రయోజనం కోసం చేసినది, కాబట్టి ఉద్యోగి తానే సంతకం పెట్టి దాన్ని వదులుకున్నా ఆ వదులుకోలు చెల్లదని కోర్టు చెప్పింది. సంతకం పెట్టేనాటికి పనికోసం వచ్చిన మనిషికి బేరమాడే బలం ఉండదన్న సత్యాన్ని గుర్తించిన తీర్పు అది. ఇన్నేళ్ళ వృత్తిలో ఉద్యోగ ఒప్పందాలు ఎన్నో చదివిన నాకు ఆ పేరా చదివినప్పుడు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

కొండవాగు:

న్యాయపీఠిక గారి వివరణకు ధన్యవాదాలు. కానీ నా సందేహం ఒకటి అడగనివ్వండి. అప్పటికే ఆమె పేరున్న తార. రోజుకూలీ మీద గుంపుల్లో నిలబడే నటులకు ఈ తీర్పు వల్ల ఒరిగిందేమిటి? పైగా ఆమెకంటే ముందే మరో తార బెట్ డేవిస్ ఇదే వార్నర్ సంస్థను ధిక్కరించి 1936లో ఇంగ్లాండు వెళ్ళి, అక్కడి కోర్టులో ఓడిపోయి వెనక్కి వచ్చారు. మార్గం వేసిన గౌరవం డేవిస్‌కు ఇవ్వవద్దా?

న్యాయపీఠిక:

కొండవాగు గారూ, డేవిస్ ధైర్యాన్ని నేను తక్కువ చేయను. అయితే రెండు కేసుల తీరు వేరు. డేవిస్ ఒప్పందం గడువు లోపలే వేరే సంస్థకు నటించబోయారు, కాబట్టి ఇంగ్లాండు కోర్టు నిషేధపు ఉత్తర్వు ఇచ్చింది. ఒలీవియా గడువు తీరేదాకా ఆగి, తన రాష్ట్రపు శాసనాన్నే పట్టుకున్నారు. మొదటిది తిరుగుబాటు, రెండోది సహనంతో చేసిన పోరాటం.

ఇక ఎవరికి ఒరిగిందన్న ప్రశ్న న్యాయమైనదే. దీర్ఘకాల ఒప్పందాల్లో ఉన్న నటీనటులకే ఆ తీర్పు నేరుగా ఉపయోగపడింది. తర్వాతి కాలంలో గాయకులు, సంగీత బృందాలు కూడా దాన్ని ఆశ్రయించారు. రికార్డు కంపెనీల పట్టు వల్ల 1987లో ఆ సెక్షనుకు సవరణ జరిగి, ఇవ్వాల్సిన ఆల్బమ్‌లు ఇవ్వకుండా వెళ్ళే గాయకుల నుంచి నష్టపరిహారం కోరే వీలు కల్పించారు. 2008లో 'థర్టీ సెకండ్స్ టు మార్స్' బృందానికీ ఇ.ఎం.ఐ. రికార్డు కంపెనీకీ నడిచిన 3 కోట్ల డాలర్ల వివాదంలోనూ ఈ ఏడేళ్ళ నియమమే ముందుకు వచ్చింది. దశాబ్దాల కిందటి నటి పేరు రాక్ సంగీతకారుల కేసులో వినిపించడం మామూలు విషయం కాదు.

మరొక్క మాట. దావాకు ఆమెకు దాదాపు 13,000 డాలర్లు ఖర్చయ్యాయి. ఆ కాలంలో అది పెద్ద మొత్తం. స్టూడియో అధిపతి జాక్ వార్నర్ ఇతర స్టూడియోలకు ఆమెను తీసుకోవద్దని లేఖలు పంపారు. దాదాపు రెండేళ్ళు ఆమెకు కెమెరా ముందు పని లేదు. ఇరవైల చివర్లో ఉన్న కథానాయికకు రెండేళ్ళు పోవడమంటే ఏమిటో సినిమా తెలిసినవారికి చెప్పనక్కర్లేదు. ఆ రెండేళ్ళలో ఆమె అలాస్కా వైపు అలూషియన్ దీవులకు, దక్షిణ పసిఫిక్ దీవులకు వెళ్ళి సైనిక ఆస్పత్రుల్లో గాయపడినవారిని పలకరించారు.

పాతరీలు:

దీనికి ఒక చిన్న చేర్పు. 'డివోషన్' అనే సినిమాలో ఆమె ఇంగ్లీషు నవలా రచయిత్రి షార్లట్ బ్రాంటీగా నటించారు. దావాకు ముందే చిత్రీకరణ అయిపోయినా 1946 దాకా వార్నర్ సంస్థ విడుదల చేయలేదు. విడుదల చేసినప్పుడు పేర్ల పట్టికలో ఐడా లుపినో, పాల్ హెన్‌రీడ్ తర్వాత మూడో స్థానంలో ఈమె పేరు వేశారు. పేరు ఎన్నో వరుసలో వస్తుందన్నదే హోదా అయిన చోట ఇది చిన్న కక్ష కాదు. మీరెప్పుడైనా ఆ సినిమా చూస్తే మొదటి అరనిమిషం జాగ్రత్తగా చూడండి, ఓడిపోయినవారి కోపం అక్కడ అచ్చయి ఉంటుంది.

పీచుచెట్టు:

నేను పదహారేళ్ళుగా అట్లాంటాలో ఉంటున్నాను. ఆఫీసుకు వెళ్ళే దారిలో పీచ్‌ట్రీ వీధిలో జార్జియా పసిఫిక్ వారి ఎత్తైన భవనం ఒకటి కనిపిస్తుంది. 1939 డిసెంబరు 15న 'గాన్ విత్ ది విండ్' మొదటి ప్రదర్శన జరిగిన లోయెస్ గ్రాండ్ థియేటరు ఆ స్థలంలోనే ఉండేది. 1978లో అగ్నిప్రమాదం జరిగాక దాన్ని పడగొట్టారు. ఊరికి కొత్తగా వచ్చిన తెలుగువారిని అటు తీసుకెళ్ళినప్పుడల్లా ఈ సంగతి చెబుతుంటాను.

అయితే ఆ ప్రదర్శన గురించి చెప్పేటప్పుడు సగం మాత్రమే చెప్పడం సరికాదని నా అభిప్రాయం. బానిస దాది మామీ పాత్ర వేసిన హాటీ మెక్‌డానియల్ ఆ రాత్రి అట్లాంటాలో లేరు. జార్జియాలో అప్పుడు అమల్లో ఉన్న వర్ణవివక్ష చట్టాల వల్ల నల్లజాతి నటులకు ఆ థియేటరులో తోటి నటుల పక్కన స్థానం లేదు. 1940 ఫిబ్రవరి 29న ఆస్కార్ వేడుకలోనూ ఆమెను సినిమా బృందంతో కాక విడిగా ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఉత్తమ సహాయ నటి పోటీలో ఆమె, ఒలీవియా ఇద్దరూ ఉన్నారు. మెక్‌డానియల్ గెలిచి, ఆస్కార్ అందుకున్న మొదటి నల్లజాతి వ్యక్తి అయ్యారు.

ఆ రాత్రి తాను ఓర్చుకోలేక ఏడ్చానని, తర్వాత కొన్నాళ్ళకు మెక్‌డానియల్ గెలవడమే న్యాయమని మనస్ఫూర్తిగా అనుకున్నానని ఒలీవియా పెద్దయ్యాక చెప్పారు. ఆ ఒప్పుకోలును నేను గౌరవిస్తాను. కానీ ఆ సినిమా బానిసత్వాన్ని చూపిన తీరు తప్పని, మెలనీ మంచితనం కూడా ఆ బానిసల చాకిరీ మీదే నిలబడిన మంచితనమని మనం గుర్తుపెట్టుకోవాలి. ఇది తెల్లకలువ గారి అభిమానాన్ని తగ్గించడానికి రాయడం లేదు.

తెల్లకలువ:

పీచుచెట్టు గారూ, మీరు రాసినది అక్షరాలా నిజం, చర్చ మొదట్లోనే నేను రాసి ఉండవలసింది. మీ మాటను అలాగే ఉంచుతూ, నటన వరకు ఒక ఘట్టం చెప్పాలని ఉంది.

కథ అమెరికా అంతర్యుద్ధ కాలంలోది. ఉత్తరాది సైన్యం నుంచి పారిపోయి వచ్చిన సైనికుడొకడు దోచుకోవడానికి కథానాయిక స్కార్లెట్ వాళ్ళ ఇల్లు టారాలోకి జొరబడతాడు. స్కార్లెట్ మెట్ల మీద నిలబడి అతన్ని కాల్చేస్తుంది. అప్పుడు పైమెట్టు దగ్గర మెలనీ కనిపిస్తుంది. ప్రసవం తర్వాత ఇంకా మంచం దిగలేని స్థితిలో, రాత్రి దుస్తుల్లో, తనకంటే బరువైన కత్తిని నేల మీద ఈడ్చుకుంటూ వస్తుంది. శవాన్ని చూసి కేక పెట్టదు. బయటి నుంచి ఇంటివాళ్ళు ఏమిటా చప్పుడని అరిస్తే, కిటికీలోంచి నవ్వుతూ తుపాకి తుడుస్తుంటే పేలిందని తడుముకోకుండా అబద్ధం చెబుతుంది. తర్వాత తగ్గు గొంతుతో, అతని సంచీలో ఏముందో వెతకమంటుంది. రక్తం నేలకు అంటకుండా తల చుట్టడానికి ఒంటిమీది దుస్తులు తీసి ఇస్తుంది.

ఆ కిటికీ దగ్గరి నవ్వును, వెనక్కి తిరిగాక ముఖాన్ని, ఆపి ఆపి చూడండి. నవ్వు చెరగడానికి పట్టే ఆ అరక్షణంలో మెలనీ ఎవరో తెలిసిపోతుంది. ఆ స్త్రీ మెత్తనిది కాదు, మంచిది. ఆ రెండూ వేరని ఒలీవియాకు తెలుసు కాబట్టే ఆ పాత్ర కోసం పట్టుబట్టారు. జాక్ వార్నర్ ఆమెను ఆ సినిమా నిర్మాత సెల్జ్నిక్‌కు అరువు ఇవ్వనంటే, వార్నర్ భార్య ఆన్‌ను కలిసి బతిమాలి ఒప్పించుకున్నారు. దర్శకుడు జార్జ్ కూకర్‌ను మధ్యలో తీసేసి విక్టర్ ఫ్లెమింగ్‌ను పెట్టిన తర్వాత కూడా, వివియన్ లీ, ఒలీవియా ఒకరికి తెలియకుండా ఒకరు కూకర్ దగ్గరకు వెళ్ళి పాత్రల గురించి సలహాలు తీసుకునేవారు.

సాగరసంధ్య:

ఇంత వరకు నిశ్శబ్దంగా చదువుతున్నాను, ఇప్పుడు రాయకుండా ఉండలేకపోయాను. నేను మానసిక వ్యాధుల ఆస్పత్రిలో ముప్పై ఏళ్ళు నర్సుగా పనిచేసి విరమణ పొందాను. 1948లో అనతోల్ లిట్వాక్ దర్శకత్వంలో వచ్చిన 'ది స్నేక్ పిట్' గురించి నేను కాక ఎవరు రాస్తారు?

సినిమా మొదట్లో వర్జీనియా అనే యువతి తోటలో బల్ల మీద కూర్చుని ఉంటుంది. ఎవరో ప్రశ్నలు అడుగుతున్నట్టు వినిపిస్తుంది, ఆ గొంతు ఎక్కడి నుంచి వస్తోందో తెలియదు, తానెక్కడున్నదో తెలియదు. తెలియదన్న సంగతి ఎదుటివారికి దొరికిపోకుండా ఆమె తెలివిగా జవాబులు చెబుతుంటుంది. అదుగో, ఆ దాపరికమే నిజం. కొత్తగా చేరిన రోగుల్లో చాలామంది చేసేది అదే. తమకు గుర్తులేదని ఒప్పుకుంటే శాశ్వతంగా ఇక్కడే ఉంచేస్తారేమోనన్న భయం వారి కళ్ళలో నేను ఎన్నిసార్లు చూశానో! సినిమాల్లో పిచ్చివాళ్ళుగా వేసేవారు జుట్టు పీక్కుని అరుస్తారు. ఈమె అరవలేదు, కప్పిపుచ్చుకున్నారు.

ఆ పాత్ర కోసం ఒలీవియా మానసిక చికిత్సాలయాలకు స్వయంగా వెళ్ళి, విద్యుత్ చికిత్సను, నీటి తొట్లలో చేసే చికిత్సను కళ్ళారా చూశారు. ముఖానికి రంగు లేకుండా, చెదిరిన జుట్టుతో, సన్నబడి నటించారు. రోగులతో కిక్కిరిసిన వార్డును కెమెరా పైపైకి వెళుతూ చూపించేటప్పుడు అది నిజంగానే లోతైన గొయ్యిలా కనిపిస్తుంది. చివర్లో రోగులంతా కలిసి ఇంటికి పోతున్నామనే పాటను గొంతు కలిపి పాడే ఘట్టంలో నేను ప్రతిసారీ ఏడుస్తాను, మా వార్డులో పండుగ రోజున పాడిన పాటలు గుర్తొచ్చి. ఈ చిత్రానికి ఆమెకు న్యూయార్క్ విమర్శకుల పురస్కారం, వెనిస్ ఉత్సవంలో ఉత్తమ నటి పురస్కారం దక్కాయి. ఆస్కార్ మాత్రం ఆ ఏడాది జేన్ వైమన్‌కు వెళ్ళింది.

ఒప్పందం నుంచి బయటపడకపోతే ఇలాంటి పాత్ర ఆమెకు దొరికేదా? నాకు నమ్మకం లేదు.

పాతరీలు:

దొరికేది కాదు, సాగరసంధ్య గారూ. కేసు గెలిచాక వచ్చిన చిత్రాలను చూడండి. 1946లో 'టు ఈచ్ హిజ్ ఓన్', పెళ్ళి కాకుండా తల్లి అయి, బిడ్డను దగ్గర పెట్టుకోలేని స్త్రీ పాత్ర. ఒక యుద్ధం నుంచి మరో యుద్ధం దాకా ఆ పాత్ర వయసు పెరుగుతూ పోతుంది. ఆమెకు మొదటి ఆస్కార్ దానికే. అదే ఏడాది 'ది డార్క్ మిర్రర్'లో ఒకరు మంచి, ఒకరు దుర్మార్గం అయిన కవలలు ఇద్దరూ ఆమే. తర్వాత స్నేక్ పిట్. 1949లో 'ది హెయిరెస్', రెండో ఆస్కార్. నాలుగేళ్ళలో నాలుగు బరువైన పాత్రలు, వేటికవే వేరు. వార్నర్ దగ్గర గడిపిన అన్నేళ్ళలో ఆమె చేత ఈ స్థాయి పని ఒక్కటీ చేయించుకోలేదు. మెలనీ కూడా అరువుకు వెళ్ళి వేసినదే.

కొండవాగు:

నా సందేహం చాలామటుకు తీరింది. కానీ అక్కాచెల్లెళ్ళ వైరం సంగతి ఎవరూ ఎత్తలేదేమి? చెల్లెలు జోన్ ఫాంటెయిన్ 1942లో 'సస్పిషన్' చిత్రానికి ఆస్కార్ గెలిచినప్పుడు పోటీలో అక్క కూడా ఉన్నారు. 1947లో అక్క గెలిచినప్పుడు అభినందించడానికి చెల్లెలు చెయ్యి చాస్తే ఒలీవియా ముఖం తిప్పుకుని వెళ్ళిపోయిన ఛాయాచిత్రం ఉంది. ఇంత సంయమనం గల మనిషి సొంత చెల్లెలితో ఎందుకు కలవలేకపోయారు?

తెల్లకలువ:

కావాలనే ఎత్తలేదు, కొండవాగు గారూ. దాదాపు పదహారు నెలల తేడాతో పుట్టిన ఇద్దరు ఆడపిల్లలు. ఇద్దరూ నటీమణులు. ప్రధాన పాత్రలకు ఆస్కార్ గెలిచిన తోబుట్టువులు చరిత్రలో వీరిద్దరే. ఇంటిపేరు వాడుకునే విషయంలోనే తేడా వచ్చి చెల్లెలు మారుతండ్రి పేరు ఫాంటెయిన్‌ను పెట్టుకున్నారు. ఆ ఛాయాచిత్రం వెనుక, ఒలీవియా మొదటి భర్త మార్కస్ గుడ్రిచ్ గురించి చెల్లెలు అన్న మాట ఉందని అంటారు. అంతకు మించి ఆ ఇంటి గోడల లోపల ఏం జరిగిందో వారికే తెలియాలి. మన ఇళ్ళలో తోబుట్టువులు మాట మానేస్తే దాని గురించి ఊరంతా మాట్లాడుకోవడం మనకు నచ్చుతుందా? పత్రికలు అరవై ఏళ్ళ పాటు వారిని ఒకరి మీదికి ఒకరిని ఉసిగొల్పాయి. 2013లో జోన్ పోయినప్పుడు ఒలీవియా సంతాపం తెలిపారు. నాకు అది చాలు.

న్యాయపీఠిక:

ఈ అక్కాచెల్లెళ్ళ సంగతే ఆమెను చివరిసారి కోర్టుకు తీసుకెళ్ళింది. 2017లో ఎఫ్.ఎక్స్. ఛానల్ నటీమణులు బెట్ డేవిస్, జోన్ క్రాఫర్డ్‌ల వైరం మీద 'ఫ్యూడ్' అనే ధారావాహిక ప్రసారం చేసింది. అందులో ఒలీవియా పాత్రను కేథరిన్ జీటా జోన్స్ వేశారు. తన అనుమతి అడగకుండా తన పేరు వాడుకున్నారని, తాను అనని మాటలు అన్నట్టు, ముఖ్యంగా చెల్లెలిని బూతుమాటతో పిలిచినట్టు చూపించారని, నూట ఒకటో పుట్టినరోజుకు ముందురోజున ఆమె దావా వేశారు. కింది కోర్టు దావా సాగవచ్చని అన్నది. 2018 మార్చిలో అప్పీలు కోర్టు అందుకు విరుద్ధంగా తేల్చింది. నిజ వ్యక్తుల మీద కల్పన కలిపి చెప్పే కథలకు వాక్స్వాతంత్ర్య రక్షణ ఉంటుందని, అనుమతి తప్పనిసరి కాదని తీర్పు చెప్పింది. పై కోర్టులు స్వీకరించలేదు.

చట్టం దృష్ట్యా ఆ తీర్పు సరైనదేనని నేను చెప్పక తప్పదు. జీవించి ఉన్న ప్రతి ప్రముఖుడి అనుమతి కావాలంటే చరిత్రను కథగా చెప్పడం సాధ్యం కాదు. మనిషిగా మాత్రం నా మనసు ఆమె వైపే ఉంది. తన గురించి తాను అనని మాటను వందేళ్ళు దాటిన వయసులోనూ ఊరుకుని వినలేకపోయిన ఆ పట్టుదల, 1943 నాటి పట్టుదలే.

పాతరీలు:

ఆమె చివరి దశాబ్దాలు పారిస్‌లో గడిచాయి. ఫ్రెంచి పత్రికా సంపాదకుడు పియర్ గాలాంట్‌ను 1955లో పెళ్ళాడి అక్కడే స్థిరపడ్డారు. ఆ వివాహం నిలవకపోయినా ఆ నగరాన్ని వదల్లేదు. 1965లో కాన్ చిత్రోత్సవ న్యాయనిర్ణేతల బృందానికి అధ్యక్షత వహించిన మొదటి మహిళ ఆమే. మొదటి భర్త వల్ల కలిగిన కొడుకు బెంజమిన్ 1991లో ఆమె కళ్ళ ముందే పోయాడు. ఫ్రాన్స్ 2010లో లెజియన్ ఆఫ్ ఆనర్, బ్రిటన్ 2017లో డేమ్ బిరుదు ఇచ్చాయి. 2020 జులై 26న, 104 ఏళ్ళ వయసులో, నిద్రలోనే వెళ్ళిపోయారు.

తెల్లకలువ గారూ, మెలనీ మెట్ల గురించి రాశారు కాబట్టి 'ది హెయిరెస్' మెట్ల గురించి మీరే రాయాలి. అది లేకుండా ఈ చర్చ నిండదు.

తెల్లకలువ:

రాస్తాను, పాతరీలు గారూ. న్యూయార్క్‌లో నాటకంగా ఆడుతున్న ఆ కథను చూసి దర్శకుడు విలియం వైలర్‌కు చెప్పి, తీయమని కోరింది ఒలీవియాయే. స్టూడియో చేతిలో పెట్టిన పాత్రలు వేసిన మనిషి, తన పాత్రను తానే వెతుక్కునే స్థితికి వచ్చారు.

కేథరిన్ ధనికుడైన వైద్యుడి ఒక్కగానొక్క కూతురు. అందం లేదని, తెలివి లేదని తండ్రి రోజూ మాటలతో పొడుస్తుంటాడు. మారిస్ అనే యువకుడు ప్రేమిస్తున్నానంటాడు. ఆస్తి రాదని తెలియగానే, లేచిపోదామన్న రాత్రి అతను రాడు. ఆమె పెట్టె సర్దుకుని తెల్లవారుదాకా కూర్చుని, చివరకు ఆ పెట్టె పట్టుకుని మెట్లెక్కుతుంది. వైలర్ ఆ మెట్లెక్కడాన్ని మళ్ళీ మళ్ళీ తీశారు. ఎంత చేసినా ఆయనకు తృప్తి కలగలేదు. విసిగిపోయిన ఒలీవియా చేతిలోని పెట్టెను విసిరేశారు. అప్పుడు ఆయనకు ఆ పెట్టె ఖాళీగా ఉందని తట్టింది. అందులో బరువు నింపించి మళ్ళీ ఎక్కమన్నారు. తెరమీద మనం చూసేది ఆ బరువునే. చెయ్యి కిందికి లాగేస్తుంటుంది, భుజం వంగిపోతుంది, ఒక్కో మెట్టుకూ ఆమెకు ఒక్కో ఏడు మీద పడినట్టుంటుంది.

ఏళ్ళు గడిచి, తండ్రి పోయి, ఆస్తి ఆమెదయ్యాక మారిస్ తిరిగి వస్తాడు. వస్తానన్న రాత్రి ఆమె కుట్టుపని చట్రం ముందు కూర్చుని అక్షరమాలలో చివరి అక్షరం కుడుతుంటుంది. తలుపు తట్టిన చప్పుడు వినిపిస్తుంది. ఆమె దారం తెంపి, పనిమనిషిని గడియ వేయమని చెప్పి, దీపం చేతిలోకి తీసుకుని అవే మెట్లు ఎక్కుతుంది. ఈసారి భుజం వంగదు.

పోయిన ఆదివారం ఈ చర్చ చదువుతూ, మా అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని ఆ చివరి అరగంట మళ్ళీ చూశాను. అమ్మకు ఇంగ్లీషు రాదు, కథలో మొదటి భాగం నేనే నోటితో చెప్పాను. బయట అతను తలుపు బాదుతూ ఆమె పేరు పిలుస్తుంటే అమ్మ చేతిలో ఉన్న చిక్కుడుకాయలు పళ్ళెంలోనే ఆగిపోయాయి. "తియ్యకమ్మా," అంది తెరవైపు చూస్తూ, "తియ్యకు." దీపం పై అంతస్తుకు చేరేదాకా ఆమె మళ్ళీ ఒక్క కాయ కూడా వలవలేదు.